వేలంలో చేతి గడియారం: వస్తువు, ఆధారం, ధర

ఉద్దేశాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
• చేతి గడియారం నిత్యావసర వస్తువు నుంచి సేకరణ వస్తువుగా మారిన క్రమాన్ని వివరించగలుగుతారు.
• అంతర్జాతీయ వేలం జరిగే పద్ధతిని, అందులో వాడే ముఖ్య పదాలను తెలుసుకొంటారు.
• ఒక వస్తువు ధరకు, దాని చరిత్రకు ఉన్న సంబంధాన్ని ఉదాహరణలతో చర్చించగలుగుతారు.
• బాహ్య విమర్శ, అంతర్విమర్శ అనే పరిశోధనా పద్ధతులను లిఖిత ఆధారాలకే కాక వస్తువులకు కూడా అన్వయించగలుగుతారు.

1. పరిచయం

2017 అక్టోబరు 26న న్యూయార్క్‌లో ఫిలిప్స్ సంస్థ నిర్వహించిన వేలంలో ఒక రోలెక్స్ చేతి గడియారం 1,77,52,500 డాలర్లకు అమ్ముడైంది. అది బంగారు గడియారం కాదు, స్టీలుది. దానికి వజ్రాలు పొదగలేదు. కీ ఇస్తేనే నడుస్తుంది. కచ్చితమైన సమయం చెప్పడంలో మన వీధి చివరి దుకాణంలో దొరికే బ్యాటరీ గడియారం దానికన్నా మెరుగు. అయినా ఒక వ్యక్తి అంత డబ్బు ఎందుకు చెల్లించాడు?

ధనవంతుల వేడుక అని ఈ ప్రశ్నను తోసిపుచ్చవచ్చు. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని చరిత్ర విద్యార్థి అక్కడితో ఆగకూడదు. అదే సంస్థ, అదే కాలంలో, అదే స్టీలుతో చేసిన మరో గడియారం అందులో నూరో వంతు ధర కూడా పలకలేదంటే, ఆ తేడా లోహంలోనూ లేదు, యంత్రంలోనూ లేదు. ఆ తేడా చరిత్రలో ఉంది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, రుజువు చేయగలిగిన చరిత్రలో ఉంది. వేలంలో నిజంగా అమ్ముడయ్యేది ఒక వస్తువు గురించిన నమ్మదగిన కథనం అన్నదే ఈ పాఠంలోని ప్రధానాంశం. కథనానికి కోట్ల ధర పలికే చోట దాన్ని కల్పించాలనే ఆశ కూడా పుడుతుంది. అందుకే ఈ అంశం చరిత్ర రచనా పద్ధతికి సంబంధించినదవుతుంది.

2. జేబు నుంచి మణికట్టుకు

పందొమ్మిదో శతాబ్దం చివరి వరకు ఐరోపాలో పురుషులు గడియారాన్ని గొలుసుతో జేబులో పెట్టుకొనేవారు. మణికట్టుకు కట్టుకొనే గడియారాన్ని స్త్రీల ఆభరణంగా భావించేవారు. యుద్ధాలు ఈ అలవాటును మార్చాయి. ఒక చేత్తో ఆయుధం పట్టుకొన్న సైనికుడు మరో చేత్తో జేబులోని గడియారం తీసి చూడటం కష్టం. దక్షిణాఫ్రికాలోని బోయర్ యుద్ధంలో (1899-1902) సైనికులు జేబు గడియారాలనే తోలు పట్టీలతో చేతికి కట్టుకొన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో (1914-18) ఫిరంగుల దాడి, సైన్యం కదలిక నిమిషాల లెక్కన సాగడంతో చేతి గడియారం సైనికుడి పరికరమైంది. యుద్ధం ముగిశాక సైనికులతో పాటు ఆ అలవాటు కూడా ఇంటికి చేరింది.

అప్పటి నుంచి సుమారు యాభై సంవత్సరాల పాటు ఈ పరిశ్రమలో స్విట్జర్లాండ్‌దే ఆధిపత్యం. 1839లో జెనీవాలో మొదలైన పటెక్ ఫిలిప్, 1905లో లండన్‌లో స్థాపితమై తరువాత జెనీవాకు తరలిన రోలెక్స్, చంద్రయానంతో ప్రసిద్ధికెక్కిన ఒమేగా మొదలైన పేర్లు ఈ కాలంలోనే స్థిరపడ్డాయి. అయితే ఈ దశలో గడియారాన్ని సమయం చూసుకోవడానికే కొనేవారు. పాతబడితే బాగు చేయించుకొనేవారు, లేదా మార్చేసేవారు. దాన్ని దాచి పెట్టి వేలానికి పంపాలన్న ఆలోచన చాలా కొద్దిమందికే ఉండేది.

3. క్వార్ట్జ్ సంక్షోభం

1969 డిసెంబరు 25న జపాన్‌కు చెందిన సీకో సంస్థ 'ఆస్ట్రాన్' అనే చేతి గడియారాన్ని టోక్యోలో విడుదల చేసింది. బ్యాటరీ శక్తితో కంపించే క్వార్ట్జ్ స్ఫటికం ఆధారంగా నడిచే మొదటి వాణిజ్య చేతి గడియారం ఇదే. నెలకు దాదాపు ఐదు సెకన్లకు మించి తేడా రాని కచ్చితత్వం దానిది. మంచి యాంత్రిక గడియారంలో ఒక్క రోజులోనే కొన్ని సెకన్ల తేడా రావచ్చు. మొదట్లో ఆస్ట్రాన్ ధర 4,50,000 యెన్‌లు. అంటే అప్పట్లో ఒక చిన్న కారు ధర. కాని పదేళ్లు గడిచేసరికి క్వార్ట్జ్ గడియారం సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది.

దీని ఫలితం స్విట్జర్లాండ్‌లోని జురా పర్వత ప్రాంత పట్టణాలపై తీవ్రంగా పడింది. 1970 ప్రాంతంలో సుమారు 90,000 మందికి ఉపాధి కల్పించిన ఆ దేశపు గడియార పరిశ్రమలో 1980ల మధ్య నాటికి మిగిలినవారు దాదాపు 30,000 మంది. పళ్ళచక్రాలు కోసే యంత్రాలను పాత ఇనుము కింద అమ్మివేసిన కర్మాగారాలు ఉన్నాయి. తరతరాలుగా వచ్చిన పనితనం అక్కరలేనిదైంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. యాంత్రిక గడియారం ఉపయోగపు విలువను కోల్పోయిన కాలంలోనే దాని సేకరణ విలువ పుట్టింది. ఇక ఎవరికీ అవసరం లేని వస్తువును, ఇకపై అలాంటిది తయారు కాదేమో అనుకొన్న వస్తువును కొందరు ఏరి దాచడం మొదలుపెట్టారు. చేతి మగ్గం, ఇత్తడి పాత్ర, తాళపత్రం విషయంలోనూ మనం చూసే క్రమం ఇదే. వాడుక నుంచి తప్పుకొన్నాకే వస్తువు వారసత్వ సంపద అవుతుంది. అయితే ఆ విలువ పెరిగినప్పుడు లాభం పొందినవారు, పని కోల్పోయిన ఆ కార్మికులు ఒకరు కారు. ధరల పట్టికలో ఈ సంగతి కనిపించదు కాబట్టి చరిత్రకారుడు దాన్ని విడిగా నమోదు చేయాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(అ) చేతి గడియారం వ్యాప్తికి యుద్ధాలు ఏ విధంగా కారణమయ్యాయి?
(ఆ) యాంత్రిక గడియారానికి సేకరణ విలువ క్వార్ట్జ్ సంక్షోభ కాలంలోనే ఎందుకు ఏర్పడింది?

4. వేలం సంస్థలు, వేలం పద్ధతి

ఐరోపాలో పెద్ద వేలం సంస్థలు చాలా పాతవి. సోథిబీస్ 1744లో, క్రిస్టీస్ 1766లో, ఫిలిప్స్ 1796లో లండన్‌లో మొదలయ్యాయి. పుస్తకాలు, చిత్రాలు, నగలు అమ్మడం వాటి ప్రధాన వ్యాపారం. గడియారాలకే ప్రాధాన్యమిచ్చిన సంస్థ 1974లో జెనీవాలో ఏర్పడింది. అదే తరువాత యాంటికోరమ్ అన్న పేరుతో ప్రసిద్ధమైంది. 1989 ఏప్రిల్‌లో ఈ సంస్థ పటెక్ ఫిలిప్ గడియారాలతో మాత్రమే ఒక వేలం నిర్వహించింది. ఆ కంపెనీ 150వ వార్షికోత్సవం కోసం తయారైన 'కేలిబర్ 89' అనే జేబు గడియారం అందులో 49.5 లక్షల స్విస్ ఫ్రాంకులు పలికింది. ఒకే సంస్థ చరిత్ర చుట్టూ వేలాన్ని అల్లడం, ప్రతి గడియారానికి ఫోటోతో, వివరణతో పుస్తకం లాంటి కేటలాగు వేయడం ఈ వ్యాపారానికి కొత్త రూపం ఇచ్చాయి.

వేలం పాట మనకు కొత్త కాదు. చెరువులో చేపల హక్కు, గుడి దగ్గర కొబ్బరికాయల దుకాణం, సంతలో రుసుము వసూలు వేలంలోనే ఖరారవుతాయి. 'సర్కారువారి పాట'తో మొదలై 'మూడోసారి' అనడంతో ముగిసే ఆ పద్ధతికి, జెనీవాలో జరిగే దానికి మూలసూత్రం ఒక్కటే: ఎక్కువ పాడినవాడిదే వస్తువు. తేడాలను కింది పదాల ద్వారా అర్థం చేసుకోవచ్చు.

లాటు: కేటలాగులో ఒక సంఖ్య కింద అమ్మకానికి పెట్టిన వస్తువు లేదా వస్తువుల సముదాయం.

అంచనా ధర: లాటు ఎంత పలకవచ్చో సంస్థ ముందుగా ప్రకటించే కనిష్ఠ, గరిష్ఠ మొత్తాలు. ఇది హామీ కాదు. తక్కువ అంచనా వేసి ఎక్కువమందిని ఆకర్షించడం కూడా ఒక వ్యూహమే.

కనీస ధర: ఇంతకు తగ్గితే అమ్మనని యజమాని సంస్థతో రహస్యంగా కుదుర్చుకొన్న మొత్తం. పాట అంతవరకు రాకపోతే లాటు అమ్ముడుపోదు.

సుత్తి ధర: నిర్వాహకుడు సుత్తితో కొట్టి పాట ముగించినప్పటి మొత్తం.

కొనుగోలుదారు రుసుము: సుత్తి ధరపై కొన్నవాడు సంస్థకు అదనంగా చెల్లించే సొమ్ము. పరిచయంలో చెప్పిన రోలెక్స్ సుత్తి ధర 1,55,00,000 డాలర్లే. మిగతా 22,52,500 డాలర్లు ఈ రుసుము. పత్రికలు సాధారణంగా రెండూ కలిపిన మొత్తాన్నే ప్రకటిస్తాయి. రెండు వేలాల ధరలను పోల్చేటప్పుడు ఏ ధరను చెబుతున్నారో మొదట చూడాలి.

5. ధరను పెంచే అంశాలు

5.1 అరుదుతనం

పటెక్ ఫిలిప్ 1941లో '1518' అనే నమూనాను ప్రవేశపెట్టింది. లీపు సంవత్సరాలను కూడా లెక్కలోకి తీసుకొని తేదీ చూపే శాశ్వత పంచాంగాన్ని, సెకన్లు కొలిచే క్రోనోగ్రాఫ్‌ను కలిపి వరుసగా ఉత్పత్తి చేసిన మొదటి చేతి గడియారం ఇది. సుమారు 281 తయారయ్యాయి. వీటిలో అత్యధికం బంగారంతో చేసినవే. స్టీలువి నాలుగు మాత్రమే వెలుగులోకి వచ్చాయి. వాటిలో ఒకటి 2016 నవంబరులో జెనీవాలో 1,10,02,000 స్విస్ ఫ్రాంకులకు అమ్ముడై, ఆనాటికి చేతి గడియారాల్లో అత్యధిక ధరగా నమోదైంది. బంగారం కన్నా స్టీలు ఖరీదెక్కింది! లోహపు విలువకు, సేకరణ విలువకు సంబంధం లేదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

అరుదుతనాన్ని కావాలని సృష్టించడమూ జరుగుతుంది. 2019 నవంబరులో జెనీవాలో ఒక కండరాల వ్యాధిపై పరిశోధనకు నిధుల కోసం జరిగిన 'ఓన్లీ వాచ్' వేలానికి పటెక్ ఫిలిప్ ఒకే ఒక్క స్టీలు గడియారాన్ని తయారు చేసి ఇచ్చింది. అది 3 కోట్ల 10 లక్షల స్విస్ ఫ్రాంకులు పలికింది. మొదటి ఉదాహరణలో అరుదుతనం కాలం మిగిల్చినది. రెండో దానిలో తయారీదారు నిర్ణయించినది.

5.2 యాజమాన్య చరిత్ర

ఒక వస్తువు తయారైన నాటి నుంచి నేటి వరకు ఎవరెవరి చేతులు మారిందో తెలిపే క్రమాన్ని యాజమాన్య చరిత్ర అంటారు. పరిచయంలోని రోలెక్స్ 'డేటోనా' అమెరికన్ నటుడు పాల్ న్యూమన్‌ది. ఆయన కారు పందాల్లో కూడా పాల్గొనేవాడు. అందుకే ఆయన భార్య, నటి జోన్ వుడ్‌వర్డ్ ఆ గడియారం వెనుక 'జాగ్రత్తగా నడుపు' అన్న అర్థం వచ్చే మాటలు చెక్కించి బహూకరించింది. న్యూమన్ దాన్ని 1984లో తన కూతురి స్నేహితుడికి ఇచ్చాడు. దశాబ్దాల తరువాత వేలానికి తెచ్చినవాడు అతడే. ఇక్కడ ఆధారాలు మూడు: వస్తువు మీదనే ఉన్న చెక్కడం, న్యూమన్ దాన్ని ధరించిన ఫోటోలు, ఆయన కూతురు ఇచ్చిన ధ్రువీకరణ లేఖ. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పుట్టిన ఆధారాలు ఒకే విషయం చెప్పినప్పుడు చరిత్రకారుడు నమ్ముతాడు. వేలంలో పాటదారులూ అలాగే నమ్మారు.

మరో ఉదాహరణ చూద్దాం. 1954లో ఇండోచైనా భవిష్యత్తుపై జెనీవాలో అంతర్జాతీయ సమావేశం జరిగింది. ఆ ఒప్పందాల అమలును పర్యవేక్షించిన సంఘానికి మన దేశమే అధ్యక్షత వహించిందని మీకు తెలిసే ఉంటుంది. ఆ రోజుల్లో జెనీవాలో ఉన్న వియత్నాం చివరి చక్రవర్తి బావో దాయ్ అక్కడి దుకాణంలో ఒక బంగారు రోలెక్స్ కొన్నాడు. ఆయన మరణించిన తరువాత 2002లో అది వేలానికి వచ్చి సుమారు 2,35,000 డాలర్లు పలికింది. అదే గడియారం 2017 మే నెలలో 50,66,000 స్విస్ ఫ్రాంకులకు అమ్ముడైంది. గడియారం మారలేదు, దాని చరిత్రా మారలేదు. ఆ చరిత్రకు డబ్బు చెల్లించేవారి సంఖ్య, స్థోమత మారాయి. కాబట్టి ధర అనేది గతం గురించి చెప్పేదానికన్నా వర్తమానం గురించి ఎక్కువ చెబుతుంది.

5.3 అసలు స్థితి

పాత ఇల్లు సున్నం వేస్తే బాగుంటుంది. సేకరణ గడియారం విషయంలో దీనికి విరుద్ధం. మెరుగు పెట్టిన కేసు, కొత్తగా రంగు వేసిన డయలు, మార్చిన ముళ్లు ధరను తగ్గిస్తాయి. ఎండకు నల్లటి డయలు గోధుమ రంగుకు మారితే దానికి ఎక్కువ ఇస్తారు. శాసనంలోని అక్షరాలను కొత్తగా చెక్కి 'బాగు చేస్తే' ఆధారంగా అది ఎలా పాడవుతుందో, ఇదీ అలాంటిదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
(అ) సుత్తి ధరకు, ప్రకటిత ధరకు తేడా ఏమిటి?
(ఆ) బావో దాయ్ గడియారం ధర 2002 నుంచి 2017కు పెరగడాన్ని ఎలా వివరిస్తారు?

6. ఆధార విమర్శ: రెండు హెచ్చరికలు

ఒమేగా 1957లో 'స్పీడ్‌మాస్టర్' గడియారాన్ని ప్రవేశపెట్టింది. ఆ తొలి నమూనాకు చెందినదిగా, డయలు గోధుమ రంగుకు మారినదిగా చెప్పిన ఒక గడియారం 2021 నవంబరులో జెనీవాలో వేలానికి వచ్చింది. అంచనా ధర 80,000 నుంచి 1,20,000 ఫ్రాంకులు. అమ్ముడైన ధర 31,15,500 ఫ్రాంకులు. కొన్నది ఒమేగా సంస్థే, తన మ్యూజియం కోసం. 2023లో నిజం బయటపడింది. వేర్వేరు చోట్ల సేకరించిన భాగాలతో కూర్చిన గడియారం అది. ఈ మోసంలో తన మాజీ ఉద్యోగుల ప్రమేయం ఉందని సంస్థే ప్రకటించింది.

ఈ సంఘటనను మన పద్ధతిలో విశ్లేషిద్దాం. బాహ్య విమర్శ 'ఈ వస్తువు తాను చెప్పుకొంటున్న కాలానిదేనా? దీని భాగాలన్నీ పుట్టుక నుంచి కలిసే ఉన్నాయా?' అని అడుగుతుంది. భాగాలు విడివిడిగా పాతవైనా వాటి కలయిక కొత్తదైతే మొత్తం వస్తువు అబద్ధమే. రెండు పాత తామ్రశాసనాల రేకులను ఒకే కడియానికి గుచ్చి ఒకే శాసనం అన్నట్లు. అంతర్విమర్శ 'ఈ వస్తువు గురించి చెబుతున్నవారు ఎవరు? వారికి అందులో లాభం ఉందా?' అని అడుగుతుంది. తయారీదారు దగ్గరి వారే సాక్షులు, తయారీదారే కొనుగోలుదారు అయిన చోట స్వతంత్ర సాక్ష్యం ఎంత బలహీనపడుతుందో ఈ ఉదంతం చూపుతుంది.

రెండో హెచ్చరిక ధరకు సంబంధించినది. 2007 ఏప్రిల్‌లో యాంటికోరమ్, ఒమేగా కలిసి ఒమేగా గడియారాలతోనే జెనీవాలో ఒక వేలం జరిపాయి. అందులో ఒక ప్లాటినం గడియారం సుమారు 3,51,000 డాలర్లు పలికి వార్త అయింది. దాన్ని కొన్నది కూడా ఒమేగాయే అని అదే సంవత్సరం పత్రికలు వెల్లడించాయి. మ్యూజియం కోసం కొన్నామని సంస్థ చెప్పింది. ఆ కారణం నిజమే కావచ్చు. కాని పాట పాడినవారెవరో తెలియకుండా వేలం ధరను 'ప్రజలు ఇచ్చిన విలువ'గా రాసుకొంటే మన నిర్ణయం తప్పుతుంది. ధర కూడా ఒక ఆధారమే. ఆధారాన్ని దేన్నైనా పరీక్షించాకే వాడాలి.

7. గాంధీజీ గడియారం

ఇంతవరకు చూసినవి వ్యక్తుల ఆస్తులు. వేలానికి వచ్చిన వస్తువు ఒక జాతి జ్ఞాపకమైతే? 2009 మార్చి 5న న్యూయార్క్‌లో యాంటికోరమ్ ఒక లాటును వేలం వేసింది. అందులో ఉన్నవి గాంధీజీ కళ్లజోడు, చెప్పులు, గిన్నె, పళ్లెం, జెనిత్ జేబు గడియారం. ఇది చేతి గడియారం కాకపోయినా యాజమాన్య చరిత్ర శక్తిని చూపే భారతీయ ఉదాహరణ. అంచనా ధర 20,000 నుంచి 30,000 డాలర్లు. వేలానికి రెండు రోజుల ముందు నవజీవన్ ట్రస్టు అభ్యర్థనపై ఢిల్లీ హైకోర్టు అమ్మకాన్ని నిలిపివేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. న్యూయార్క్‌లో వేలం ఆగలేదు. చివరి క్షణంలో యజమాని వెనక్కి తీసుకొంటానన్నా సంస్థ పాటను కొనసాగించింది. వ్యాపారవేత్త విజయ్ మాల్యా తరఫున 18 లక్షల డాలర్లకు పాట ఖాయమైంది.

సమయపాలనకు పేరుపడిన, ఆస్తి కూడబెట్టని మనిషి గడియారం అది. ఆయన జీవితం దేన్ని నిరాకరించిందో దానితోనే ఆయన వస్తువులకు వెల కట్టవలసి వచ్చింది. మన 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం నూరేళ్లు దాటిన వస్తువుల ఎగుమతిని నియంత్రిస్తుంది. కాని చట్టబద్ధంగా ఇతరుల చేతికి వెళ్లి, పరాయి దేశంలో ఉన్న వస్తువుపై దాని పట్టు చాలా తక్కువ. ఇటువంటి వస్తువులు వ్యక్తుల చేతిలో ఉండాలా, మ్యూజియంలో ఉండాలా? వాటిని డబ్బిచ్చి తెచ్చుకోవడం గౌరవమా, వ్యాపారానికి లొంగడమా? ఈ ప్రశ్నలకు మీ అధ్యయన కేంద్రంలో తోటి విద్యార్థులతో చర్చించి సమాధానాలు వెతకండి.

8. సారాంశం

యుద్ధ అవసరం చేతి గడియారాన్ని వ్యాప్తి చేసింది. క్వార్ట్జ్ దాని అవసరాన్ని తీసివేసింది. వేలం దానికి కొత్త విలువ ఇచ్చింది. ఆ విలువ లోహంలో గాని, కచ్చితత్వంలో గాని లేదు. అరుదుతనం, యాజమాన్య చరిత్ర, అసలు స్థితి అనే మూడింటిలో ఉంది. ఈ మూడూ రుజువులపై ఆధారపడినవి. రుజువును పరీక్షించే పద్ధతి చరిత్రకారుడిది. ఆ పద్ధతిలో నిజాయితీ లోపిస్తే నష్టపోయేది కొనుగోలుదారు ఒక్కడే కాదు. మ్యూజియం అద్దాల వెనుక, పుస్తకాల పేజీల్లో అబద్ధం చరిత్రగా నిలిచిపోతుంది.

9. చేసి చూడండి

మీ ఇంట్లో గాని, బంధువుల ఇంట్లో గాని పాత హెచ్.ఎం.టి. గడియారం ఉంటే దానిపై ఒక పుట నివేదిక రాయండి. హెచ్.ఎం.టి. జపాన్‌కు చెందిన సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో చేతి గడియారాల తయారీ మొదలుపెట్టిందన్న విషయంతో మీ పరిశీలన ప్రారంభించవచ్చు. ఎవరు, ఎప్పుడు, ఏ సందర్భంలో కొన్నారు? రసీదు, పెళ్లి ఫోటో, పదవీ విరమణ సన్మానంలో చెక్కించిన పేరు వంటివి ఏమైనా ఉన్నాయా? పెద్దల నోటిమాటకు, వస్తువు చెబుతున్నదానికి పొంతన కుదిరిందా? కుదరని చోట కుదరలేదనే రాయండి. దానికి మార్కులు తగ్గవు.

10. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది వాటికి 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. చేతి గడియారం సేకరణ వస్తువుగా మారడానికి దారితీసిన పరిస్థితులను వివరించండి.
2. వేలం ధరను చారిత్రక ఆధారంగా వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను సోదాహరణంగా చర్చించండి.

II. కింది వాటికి 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. యాజమాన్య చరిత్ర
2. 2021 నాటి ఒమేగా గడియారం ఉదంతంలో బాహ్య విమర్శ, అంతర్విమర్శ
3. గాంధీజీ వస్తువుల వేలం లేవనెత్తిన ప్రశ్నలు